పిట్టల సాలు

జొన్న కంకి పాలు పట్టిందంటే ఇక నా కాలు ఒకచోట నిలవదు. ఇప్పటికీ అంతే. పొయ్యి మీద కూర ఉంటే చూపు వాకిట్లో ఉంటుంది, వాకిట్లో చీపురు పట్టుకుంటే చెవి చేను వైపు ఉంటుంది. గింజను గోటితో నొక్కితే పాలు చిమ్మే ఆ రోజుల్లోనే పిట్టకు దాని మీద ఆశ. గట్టిపడ్డాక పిట్ట తినేది తక్కువ. ఆ నడిమి రోజులే గండం.

నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆ గండం ఊరందరిదీ. ఎటు చూసినా జొన్నే. పిట్టలు ఇక్కడ కాస్త, అక్కడ కాస్త తిని పోయేవి. ఊరంతా పంచుకున్న నష్టం ఎవరికీ నష్టమనిపించదు కదా. శంషాబాద్‌లో విమానాలు దిగడం మొదలయ్యాక సంగతి మారింది. ఒకరి చేను ప్లాట్లయింది, ఒకరిది రోడ్డు కింద పోయింది, ఇంకొకరు తెల్లరాళ్ళు పాతి ఊరికే వదిలేశారు. జొన్న వేసేవాళ్ళు మేము ఒక్కరమే మిగిలాం. మనుషులైతే ఊరు విడిచి పోయారు గానీ పిట్టలు ఎక్కడికి పోతాయి? అన్నీ కలిసి మా రెండెకరాల మీదికే వచ్చేవి. తూర్పున విమానాల గోడ, పడమర కొత్త రోడ్డు, నడుమ మా ముక్క. వరుసగా రెండేళ్ళు చొప్ప తప్ప గింజ ఇంటికి రాలేదు.

మూడో ఏడు మృగశిర కార్తెలో విత్తబోయే ముందు మా ఆయన నాగలి పక్కన నిలబడి వాళ్ళమ్మతో తేల్చి చెప్పాడు.

"అమ్మా, గిదే ఆఖరు. ఈ ఏడు గింజ ఇంటికొచ్చిందా, సరే. రాకుంటే దీపావళి దాటినంక లారీలాయనకు కిరాయికిస్త. ఇగ నువ్వు అడ్డం రావొద్దు."

ఆ లారీలాయన ఆరాంఘర్ దగ్గర ఉంటాడు. విమానాల సరుకు మోసే లారీలు నిలుపుకోవడానికి జాగా కోసం తిరుగుతున్నాడు. నేల మీద మొరం పరిచి చదును చేస్తానన్నాడు. మొరం పడ్డ భూమి మళ్ళీ నాగలిని ఎరగదు. ఆ సంగతి మా ఇంట్లో అందరికీ తెలుసు.

మా అత్త మాత్రం ఒళ్ళో విత్తనం పోసుకుంటూ, "అడ్డం వచ్చేటోళ్ళెవ్వరు బిడ్డా? జొన్న వస్తే రొట్టె తింట. రాకుంటే లారీ టైరు నములుకుంట కూసుంట," అంది.

ఆయనకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. ఏది ముందు చూపించాలో తెలియక ఎద్దులను అదిలించాడు.

మా ఇంట్లో విత్తేనాడు మొదటి సాలు, అంటే మొదటి వరుస, పిట్టలది. మా అత్త వాళ్ళ అత్త నాటి నుంచీ అంతే. తూర్పు గట్టు వెంట ఆ ఒక్క సాలూ ఇంటి పెద్దావిడ తన చేత్తో వేయాలి, అదీ గింజల్లో మేలైనవి ఏరి వేయాలి. ఆ సాలు మీద వాలిన పిట్టను అదిలించకూడదు. దానికి కొడవలి తగలకూడదు. తినగా మిగిలిన కంకి కూడా చేనులోనే ఎండిపోవాలి, పశువుకైనా వేయకూడదు. దాని పాలు దానికిస్తే పిట్ట మన పాలు ముట్టదని నమ్మకం. ఆ ఏడు కూడా మా అత్త గోడ నీడ పడే ఆ గట్టు వెంట వంగి వంగి సాలు వేసింది. మిగిలిన చేనుకు ఇంకో వాన కోసం ఆగాం. పిట్టల సాలు మాత్రం ముందే మొలిచింది.

ఆ ఏడే మా చేనులోకి మేడం వచ్చింది. జొన్నల మీద పరిశోధన చేసే మనిషి. కృష్ణా వైపు వాళ్ళు, ఇల్లు అత్తాపూర్‌లో. చేను దక్షిణపు మూల కొంచెం జాగా అడిగి, అందులో రకరకాల జొన్నలు వేయించింది. కూలీ, ఎరువు ఆమెదే కాబట్టి మా ఆయన కాదనలేదు. మొలిచి పెరిగాక చూస్తే నా కళ్ళు నమ్మలేదు. జొన్న అంటే మా పచ్చజొన్న, సంతలో దొరికే తెల్లజొన్న, అంతే అనుకునేదాన్ని. ఇక్కడ ఒక సాలు నా మోకాలి ఎత్తు, పక్క సాలు మా ఆయన మీద ఇంకొకరు నిలబడ్డంత. ఒక కంకి పిడికిలి బిగించినట్టు గుండ్రంగా ఉంటే, ఒకటి చీపురులాగా విడిపోయి ఉంది. ఒకటి ఎర్రగా. ఒకదాని పొట్టు నల్లగా, గింజ తెల్లగా. ఒకదానికి మెడ వంగి, కంకి తలకిందులుగా వేలాడుతూ, ఒళ్ళంతా ముళ్ళలాంటి మీసాలు.

"గీ మెడ ఒరిగినదానికి ఏమైంది బిడ్డా? రోగమా?" అని అడిగింది మా అత్త.

"రోగం కాదు పెద్దమ్మగారూ, దాని పుట్టుకే అంత. ఇది ఆఫ్రికా నుంచి వచ్చింది. ఆ పక్కది మహారాష్ట్రది. ఆ పొడుగుది మీ పాలమూరుదే."

"ఇన్నెందుకు? ఒక్క మంచిదుంటే సాలదా?"

"ఆ ఒక్క మంచిది ఎక్కడుందో తెలీకే కదండీ ఈ తిప్పలు. ఒకటి బస్తాలు పండుతుంది, రొట్టె చప్పగా ఉంటుంది. ఒకదాంట్లో ఇనుము ఎక్కువ, రక్తానికి మంచిది, కానీ గుప్పెడే పండుతుంది. ఇంకోటి వాన లేకపోయినా నిలబడుతుంది. అన్ని గుణాలూ ఒకచోట ఉండవు. అన్ని రకాలూ బతికుంటేనే ఒకదాని గుణం ఇంకోదాంట్లోకి తేగలం."

"ఎట్ల తెస్తవు?"

"పెళ్ళి చేస్తామండీ."

అంతే, మా అత్తకు హుషారొచ్చింది. పొద్దున్నే మేడం వచ్చి, ఒక కంకిలో పువ్వుల మగ భాగాన్ని సన్నటి చిమటాతో పీకేసి, ఇంకో కంకి పుప్పొడి దాని మీద దులిపి, కాగితపు సంచి తొడిగేది. మా అత్త గట్టు మీద కూర్చుని వ్యాఖ్యానం చెప్పేది. "పిల్లదేమో పాలమూరు, పిలగాడు ఏ దేశపోడో ఏమో. గోత్రం అడిగినవా బిడ్డా? కట్నం మాట్లాడినవా? ముసుగు మాత్రం మంచిగేసినవు." మేడం నవ్వుతూనే సంచి మూతికి సూది గుచ్చేది. మధ్యాహ్నం మా రొట్టె తనకు పెడితే తన డబ్బాలో పెరుగన్నం మాకు పెట్టేది. మా పచ్చజొన్న రొట్టె తిని, "ఈ రుచిని నేను దేనికైనా పెళ్ళి చేయాలి," అనేది.

నాకు మాత్రం ఆ నవ్వులు పట్టేవి కావు. మా చేనులోనూ కంకులు బయటికి వచ్చాయి. పాలు పట్టే రోజులు వచ్చేశాయి.

తెల్లారకముందే మంచె ఎక్కేదాన్ని. చేతిలో వడిసెల, పక్కన రేకు డబ్బా. రామచిలుకలు గుంపులు గుంపులుగా, వాటి వెనక పిచ్చుకలు, గోరింకలు. మొదట వాలేది ఎప్పుడూ తూర్పు గట్టు మీద పిట్టల సాలు పైనే. అక్కడ తిని, రుచి మరిగి, చేనులోకి దిగేవి. నేను డబ్బా కొడితే లేచి గోడ అవతలికి పోయేవి. గోడ అవతల విమానాల వాళ్ళకూ పిట్టలంటే భయమే. వాళ్ళు ఢాం ఢాం అని ఏదో పేల్చేవాళ్ళు. పిట్టలు లేచి మళ్ళీ మా చేనుకే. నేను మళ్ళీ డబ్బా. వాళ్ళు మళ్ళీ ఢాం. ఇద్దరి నడుమ ఆ పిట్టలకు ఎంత ఆయాసమో గానీ, మాకు మాత్రం గొంతు పోయింది. దక్షిణానికి తోలితే అక్కడ మేడం సాళ్ళు. సంచులు తొడిగినవి దక్కేవి, దిగుబడి తూయడానికి విడిచినవి పోయేవి. ఆమె ఆ ఖాళీ కంకులను చేత్తో నిమిరి పక్కకు వెళ్ళేది.

ఒక రోజు గోడ అవతలి వాళ్ళ జీపు చుట్టూ తిరిగి మా చేను దగ్గరికే వచ్చింది. అందులోంచి దిగినాయన మర్యాదస్తుడు. చెప్పులు గట్టు మీద విడిచి లోపలికి వచ్చాడు.

"అక్కా, జర ఇటు వినుండ్రి. మీరు పిట్టలను మా దిక్కు తోలుతున్నరు. ఒక్క పిట్ట విమానం ఇంజనుల పడ్డా మనుషుల పానాలకు వస్తది."

"మరి మీరు ఢాం అని మా దిక్కు తోలుతలేరా?" అన్నాను నేను.

ఆయన తల గోక్కున్నాడు. "తోలుతున్నం అక్కా. ఏంజేస్తం, అది మా కొలువు."

"గిది మా తిండి."

"అందుకే బతిమాలుతున్న. గోడ పక్క ఆ సాలు ఉన్నదే, అన్నిటికన్న ముందు పిట్టలు ఆడనే దిగుతున్నయి. జర ఏమన్న జూడుండ్రి."

ఆయన జీపెక్కి వెళ్ళాక మేడం వైపు చూశాను. ఆమె అప్పటికే తన సాళ్ళలో వంగి ఏదో చూస్తోంది. రమ్మని చెయ్యి ఊపింది. అన్ని రకాలూ పిట్టలు పొడిచాయి, రెండు సాళ్ళు తప్ప. మెడ వంగినదాని మీద పిట్టకు కాలు నిలపడానికి చోటు లేదు, నిలిపినా మీసాలు గుచ్చుకుంటాయి. ఎర్రదాన్ని ఎందుకు వదిలాయో మా అత్త నోట్లో వేసుకుని తెలుసుకుంది. వెంటనే ఉమ్మేసింది.

"థూ! పచ్చి మోదుగు చెక్క నమిలినట్టున్నది. పిట్టలకు మనకన్న తెలివున్నది."

"అవునండీ, ఆ వగరే దానికి కాపలా. కానీ ఆ వగరు మన ఒంటికీ మంచిది కాదు. తిన్న బలాన్ని పట్టనివ్వదు. లేతలో వగరుగా ఉండి, ముదిరేసరికి వగరు తగ్గిపోయే రకాలు కొన్ని ఉంటాయి. అలాంటివి దొరికితే పిట్టలు తినే రోజుల్లో చేదు, మనం తినే రోజుకు తీపి."

"దొరికిందా?"

"ఈ ఎర్రదాంట్లో ఆ గుణం ఉందేమో, కోశాక గాని చెప్పలేను." గొంతు తగ్గించి అంది. "పెద్దమ్మగారూ, ఒక మాటంటే ఏమీ అనుకోరు కదా. ఆ గోడ పక్క సాలు అన్నిటికంటే ముందు వేశారు. ముందే పాలు పట్టింది. పైగా మేలైన గింజ. పిట్టలకు ఈ చేను దారి చూపిస్తున్నది అదేనండీ."

మా అత్త మొహం నల్లబడింది. కొంగు దులుపుకుని లేచి ఇంటికి నడిచింది. సాయంత్రం మా ఆయన ఈ సంగతి విని ఊరుకోలేదు.

"అమ్మా, నీ పుణ్యం సల్లగుండ, పిట్టలకు దావత్ పిలుపు పంపింది నువ్వేనట గదా!"

"మా అత్త జెప్పింది. నేను జేసిన."

"మీ అత్త నాడు ఆడ గోడున్నదా? విమానమున్నదా?"

ఆమె జొన్న గటక ముందు పెట్టుకుని కలుపుతూ కూర్చుంది, తినలేదు. నాకు అది చూస్తే పిట్టల కంటే ఎక్కువ పరేషాన్ అయింది. ఆ మనిషి మాట పడి ఊరుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

పొద్దున లేచేసరికి చూరులో కొడవలి లేదు. పరుగెత్తాను. మా అత్త తూర్పు గట్టు మీద ఉంది. పిట్టల సాలు కోస్తోంది. ఎప్పుడూ కొడవలి తగలకూడని సాలు, పాలు కారే కంకులు. ఒక్కొక్కటి కోసి చీరె చెంగులో వేస్తోంది. నన్ను చూసి ఏడుస్తుందేమో అనుకున్నాను.

"నిలబడి జూస్తవేందే? గంప తే."

గంపలు నెత్తిన పెట్టుకుని రోడ్డు దాటి, చేనుకు పడమర ఉన్న గుట్ట మీదికి వెళ్ళాం. అక్కడ బండలూ, సీతాఫలం పొదలూ తప్ప ఏమీ లేవు. బండల సందుల్లో, పొదల కొమ్మల మీద ఆ కంకులను నిలబెట్టి కట్టాం. అంతా అయ్యాక మా అత్త ఆకాశం వైపు చూసి, పక్కింటి వాళ్ళను పిలిచినట్టు పిలిచింది.

"ఏమే, మీ పాలు ఈడికి తెచ్చిన. ఇగ ఈడికే రాండ్రి. ఆడికి పోయిండ్రంటే నా కొడుకు లారీలు వెట్టిస్తడు!"

ఆ రోజు ఒక్క పిట్ట రాలేదు. కోసిన సాలు మీద గుంపు గుంపంతా గిరగిరా తిరిగింది. దారి తప్పిన పిల్లల్లాగా అరిచాయి. తరువాత చేనులోకి దిగాయి. నేను మంచె మీదా, మా అత్త గట్టు మీదా, మా ఆయన రోడ్డు వైపూ అరిచి అరిచి అలిసిపోయాం. ఈసారి మాత్రం గోడ దిక్కు విడిచి, పడమరకే తోలాం. మరునాడు గుట్ట మీద రెండు పావురాలు కనిపించాయి. ఆ తరువాత పిచ్చుకలు. చివరికి ఒక పొద్దున చిలుకల గుంపు వచ్చి తూర్పు గట్టు మీద ఒక తిరుగుడు తిరిగి, నేరుగా రోడ్డు దాటి పోయింది. మా అత్త నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

కానీ గుట్ట మీది కంకులు ఎన్నాళ్ళుంటాయి? అయిపోగానే పిట్టలు మళ్ళీ చేను వైపు చూశాయి. మా అత్త కొడవలి పట్టుకుని ఈసారి మా సాళ్ళలోకి దిగింది.

మా ఆయన అడ్డం నిలబడ్డాడు. "ఇంటికి గింజ రాకముందే గుట్టకు మోస్తున్నవా? పిచ్చి లేసిందా నీకు?"

"పాలు పట్టినన్ని దినాలే బిడ్డా. గట్టివడ్డంక అవి అడగయి."

"నా చేను అవుపడ్తలేదా నీకు, పిట్టలే అవుపడ్తున్నయా?"

"నీ చేనే అవుపడ్తున్నది. అందుకే కోస్తున్న."

ఇద్దరూ నా వైపు చూశారు. నన్నెప్పుడూ ఎవరూ అడిగింది లేదు, ఆ రోజూ అడగలేదు, ఊరికే చూశారు. నేను వంగి అంచు సాలులో చిన్న కంకులు, ఎలాగూ గింజ నిండనివి, ఏరి కోయడం మొదలుపెట్టాను. మా ఆయన "పెద్దవి ముట్టకుండ్రి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

అట్లా రోజూ. పొద్దున గుట్టకు మోయడం, ఎండ ఎక్కేదాకా మంచె, మళ్ళీ సాయంత్రం మంచె. పిట్టలు పూర్తిగా రాకుండా పోలేదు, తగ్గాయి. గోడ అవతల ఢాం శబ్దాలూ తగ్గాయి. జీపాయన ఒకసారి రోడ్డు మీద ఆగి దణ్ణం పెట్టాడు. నేను గింజలు నొక్కి చూస్తూ తిరిగేదాన్ని. పాలు చిక్కబడ్డాయి. పిండిలా అయ్యాయి. అంతలో ముసురు పట్టింది. ముదురుతున్న కంకి మీద వాన కురిస్తే గింజ నల్లగా బూజు పడుతుంది. పిట్టల బాధ తప్పితే వాన బాధ. ఒక మేఘం తుక్కుగూడ వైపు నుంచి వస్తే ఒకలా, గుట్ట వైపు నుంచి వస్తే ఒకలా లెక్కలు వేసేదాన్ని. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికి పోవాలో తెలిసేది కాదు.

కోతకు మేడం కూడా వచ్చింది. తన ఎర్రజొన్నను కోసి, దంచి, అక్కడే నోట్లో వేసుకుంది. మాకూ పెట్టింది. వగరు తగ్గింది గానీ పోలేదు.

"ఇదే మా గోడ పక్కకియ్యి బిడ్డా, వచ్చే ఏడు ఏస్తం," అంది మా అత్త.

"ఇది రొట్టెకు పనికిరాదండీ. మీ పచ్చజొన్నకూ ఆ మెడ వంగినదానికీ పూత రోజుల్లోనే పెళ్ళి చేసి ఉంచాను, ఆ పిల్లలు మంచివి రావచ్చు. కానీ వాటి గుణం నిలబడడానికి ఆరేడు తరాలు పండించాలి."

"ఆరేడు పంటలా? అప్పటిదాక ఈ భూమి ఉంటదా?"

మేడం మా ఆయన వైపు చూసింది. ఆయన వినిపించనట్టు కట్ట బిగిస్తున్నాడు.

కల్లం చేయడానికి ఊళ్ళో జాగా లేక కంకులు కొత్త రోడ్డు అంచున పోసి, ట్రాక్టరు తిప్పించి, తూర్పారబట్టాం. పాత రోజుల పంటలో సగం కూడా కాదు. కొంత నల్లబడింది కూడా. కానీ పసుపు రంగు గింజ రోడ్డు అంచున కుప్పగా పడి ఉంటే, పోయే కార్ల వాళ్ళు అద్దాలు దించి చూశారు. నేను చీపురుతో గింజలు కుప్పకు తోస్తుండగా లారీలాయన మోటారుసైకిలు మీద వచ్చాడు.

"అన్నా, దీపావళి ఎల్లిపాయె. మొరం ట్రిప్పులు మాట్లాడిన. ఎప్పుడు దింపమంటవు?"

మా ఆయన వంగి గుప్పెడు గింజలు తీసుకున్నాడు. ఒకటి పంటి కింద వేసి కొరికాడు. మిగిలినవి మళ్ళీ కుప్ప మీద జారవిడిచాడు. మా అత్త జల్లెడ ఆపింది.

"ఈ ఏడు గాదన్నా," అన్నాడు.

"అదేంది? పిట్టలు తింటే ఇస్తనంటివి గద."

"తిన్నయి. అయినా ఇంటికి ఇన్నన్ని వచ్చినయి."

"గీ నాలుగు గింజలకు ఇంత జాగా ఆపుకుంటవా? సరే, వచ్చే ఏడు మరి?"

మా ఆయన మొహంలో ఏముందో చదవాలని నేను చూశాను గానీ, ఆయన బస్తా మూతి పట్టుకుని, "పట్టవే, పొద్దువోతున్నది," అన్నాడు. నేను గింజలు ఎత్తి పోయడం మొదలుపెట్టాను. లారీలాయన బండి అక్కడే నిలిపి, రోడ్డు వెంట మా చేను పొడవునా కొలతగా అడుగులు వేసుకుంటూ, నోట్లో ఏదో లెక్క పెట్టుకుంటూ నడిచాడు. మేమెవరమూ ఆయన్ను ఆపలేదు.